కేసు అవుతుందా డాక్టరుగారూ?



మా క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసే వారందరికీ బాగా అలవాటైన ప్రశ్న ఒకటుంది. మోటారుసైకిలు మీదనుంచి పడిన అబ్బాయిని ఆటోలో పడుకోబెట్టి తీసుకొస్తారు. చొక్కా నిండా రక్తం. సిస్టరు ఒకవైపు సెలైను ఎక్కిస్తూ ఉంటారు, మరొకరు గాయం మీద గుడ్డ అదిమి పట్టి ఉంటారు. అంతలోనే వెంట వచ్చిన మేనమామో, అన్నో డ్యూటీ డాక్టరును పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడుగుతారు: "కేసు అవుతుందా డాక్టరుగారూ?"

దాని వెనుకే రెండో మాట వస్తుంది. "మెట్ల మీదనుంచి జారిపడ్డాడని రాయండి, మీకు దణ్ణం పెడతాం." కొందరు ఇంకా ముందుకు వెళ్తారు. "తాగాడని మాత్రం రాయకండి." "బండి నడిపింది వీడు కాదు, వీళ్ళ బావ అని రాయండి. బావకు లైసెన్సు ఉంది."

ఇలా అడిగేవారు చెడ్డవాళ్ళు కారు. వారిలో చాలామంది మాకు తెలిసినవారే, మన సంఘాల కుటుంబాలే. పోలీసు స్టేషను గడప ఎన్నడూ తొక్కనివారు. బిడ్డ ప్రాణం ఏమవుతుందోనన్న భయానికి తోడు బిడ్డ భవిష్యత్తు ఏమవుతుందోనన్న భయం కూడా అదే నిమిషంలో వస్తుంది. అర్ధరాత్రి పూట వివరంగా చెప్పే తీరిక మాకు ఉండదు, వినే స్థితి వారికి ఉండదు. కనుక ఆ ప్రశ్నకు జవాబు ఈ పేజీలో, తీరికగా చెప్పాలనుకున్నాము. మా జవాబు కొందరికి నచ్చకపోవచ్చు. అయినా చదవండి.

మేము రాసేది కేసు కాదు

మొదట ఒక భయం తీసివేద్దాం. ప్రమాదంలో గాయపడిన మనిషి వస్తే ముందు వైద్యం, తర్వాతే కాగితాలు. 1989లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను కూడా అదే చెబుతుంది. పోలీసులు రాలేదనో, కాగితాలు పూర్తికాలేదనో ఏ వైద్యుడూ చికిత్స ఆపకూడదు. కాబట్టి "పోలీసు కేసు అయితే ఆసుపత్రిలో చేర్చుకోరు" అన్న మాట నమ్మి దారిలో ఆగిపోకండి.

ఆ తర్వాత మేము ఎం.ఎల్.సి. రిజిస్టరులో వివరాలు రాస్తాము. ఎవరు తీసుకొచ్చారు, ఎన్ని గంటలకు, ఏం జరిగిందని చెప్పారు, ఒంటిమీద ఏ గాయాలు ఉన్నాయి, నోటినుంచి మద్యం వాసన వస్తున్నదా లేదా. ఆ సమాచారం పోలీసులకు పంపుతాము. అంతే. కేసు పెట్టడం మా పని కాదు. తప్పు ఎవరిదో తేల్చడం కూడా మా పని కాదు. కంటితో చూసినది, చెవితో విన్నది రాయడమే మా పని.

అందులో అబద్ధం రాయమని అడిగితే మాత్రం మేము ఒప్పుకోము. తప్పుడు సర్టిఫికెట్టు ఇచ్చిన వైద్యుడు నేరస్థుడే. నేరం చేసినవాడిని కాపాడటానికి సాక్ష్యం మాయం చేసినవారు, తప్పుడు సమాచారం ఇచ్చినవారు కూడా భారతీయ న్యాయ సంహిత ప్రకారం శిక్షార్హులే. 2024 మే నెలలో పుణెలో మైనరు బాలుడు నడిపిన కారు మోటారుసైకిలును ఢీకొని ఇద్దరు చనిపోయిన సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఆ బాలుడి రక్త నమూనాను మార్చారన్న ఆరోపణపై ఇద్దరు వైద్యులు అరెస్టయ్యారు. బాలుడి తల్లిదండ్రులూ అరెస్టయ్యారు. ప్రమాదం చేసినది ఒక్కరు. దాన్ని దాచబోయి చిక్కుకున్నవారు అంతకన్నా ఎక్కువమంది.

ఇంకొక సంగతి ఉంది. అబద్ధం మీ అబ్బాయికే ఎదురు తిరుగుతుంది. "మెట్ల మీదనుంచి పడ్డాడు" అని రాసిన తర్వాత, ఆ రాత్రి ఎదురుగా వచ్చిన లారీదే తప్పని తేలితే? నష్టపరిహారం కోసం ట్రిబ్యునలుకు వెళ్ళినప్పుడు లారీ ఇన్సూరెన్సు కంపెనీ వకీలు మొదట తెరిచేది మా రిజిస్టరునే. "మీ ఆసుపత్రి కాగితంలోనే మెట్లని ఉంది కదా" అంటారు. అక్కడితో ఆ కుటుంబం నోరు మూతపడుతుంది.

చలానా వేరు, కేసు వేరు

మన యౌవనస్థులలో చాలామందికి ట్రాఫిక్ చట్టం అంటే చలానా. ఫోనుకు మెసేజి వస్తుంది, డబ్బు కడితే పోతుంది. రోడ్డు మీద దుడుకుగా బండి నడపడం అంతటితో పోయే సంగతి కాదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఏం చెబుతుందో చూడండి. సిగ్నలు దాటుకుపోవడం, ఎదురు దారిలో రావడం, బండి నడుపుతూ చేతిలో ఫోను వాడటం, దాటకూడని చోట ముందు వాహనాన్ని దాటడం ప్రమాదకరమైన డ్రైవింగు కిందికి వస్తాయి. మొదటిసారికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. పబ్లిక్ రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ లేకపోయినా, ముగ్గురు ఎక్కినా రూ.1,000 జరిమానా, దానితోపాటు మూడు నెలలు లైసెన్సు రద్దు. అక్కడికక్కడే కట్టే చలానా మొత్తాలు రాష్ట్రాన్నిబట్టి మారుతుంటాయి. ఇక్కడ మేము చెప్పినవి చట్టంలో ఉన్న శిక్షలు.

ఇవన్నీ ఎవరికీ ఏమీ కాకముందు సంగతి. ఎవరికైనా దెబ్బ తగిలితే మరో చట్టం వస్తుంది. పాత ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. అందులో 281వ సెక్షను ప్రకారం, మనుషుల ప్రాణానికి అపాయం కలిగేలా, లేదా ఎవరికైనా దెబ్బ తగిలే అవకాశం ఉండేలా పబ్లిక్ రోడ్డు మీద వాహనం నడపడమే నేరం. ఎవరికీ దెబ్బ తగలనవసరం లేదు.

"కావాలని చేయలేదు" అని చాలామంది అంటారు. నిజమే. కావాలని చేసి ఉంటే అది హత్య కేసు అయ్యేది. చట్టం ఇక్కడ రెండు సంగతులు చూస్తుంది. అపాయమని తెలిసి కూడా తెగించడం ఒకటి. తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడం రెండవది. మలుపులో లారీని దాటబోవడం మొదటిది. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకొని సందులోనుంచి మెయిన్ రోడ్డు ఎక్కడం రెండవది. కావాలని చేయలేదన్న మాట ఈ రెండింటికీ జవాబు కాదు.

ఒక పన్ను విరిగినా

గాయాల విషయంలో వైద్యులుగా మేము చెప్పవలసినది ఒకటుంది. చట్టంలో మామూలు గాయం, తీవ్ర గాయం అని రెండు రకాలు ఉన్నాయి. తీవ్ర గాయం అంటే ప్రాణం మీదికి వచ్చినదే అనుకుంటారు అందరూ. కాదు. ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను విరిగినా, చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. కన్ను పోయినా, చెవి వినబడకపోయినా, ముఖం మీద శాశ్వతంగా వికారం మిగిలినా అంతే. పదిహేను రోజులపాటు తన మామూలు పని చేసుకోలేకపోయినా అంతే.

అంటే మీ అబ్బాయి బండి తగిలి రోడ్డు దాటుతున్న ముసలమ్మ ముంజేతి ఎముక విరిగితే, మేము సిమెంటు కట్టు వేసి ఆరు వారాల తర్వాత విప్పవచ్చు. ఆమె మళ్ళీ పొయ్యి ముందు కూర్చోవచ్చు. కానీ మేము ఇచ్చే గాయాల సర్టిఫికెట్టులో తీవ్ర గాయం అని ఉంటుంది. 125వ సెక్షను కింద దానికి మూడేళ్ళ దాకా జైలు, లేదా రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఎముక అతుక్కున్నంత త్వరగా కేసు తేలదు.

మనిషి చనిపోతే 106వ సెక్షను. నిర్లక్ష్యంవల్ల మరణానికి కారణమైతే ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. పాత చట్టంలో ఇది రెండేళ్ళే. తాగి నడిపిన వారి మీద, ప్రాణం పోవచ్చని తెలిసి కూడా నడిపారన్న కారణంతో ఇంకా పెద్ద సెక్షన్లు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

రాజీతో పోతుందా?

పల్లెల్లో ఇంకో నమ్మకం ఉంది. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇంత అని తేలుస్తారు, చనిపోయినవారి ఇంటికి ఆ డబ్బు ముడుతుంది, అందరూ సంతకాలు పెడతారు, కేసు పోతుంది. నష్టపోయిన కుటుంబానికి డబ్బు ఇవ్వడం మంచిదే. ఇవ్వకూడదని మేము అనము. కానీ మరణం జరిగిన కేసు చట్టప్రకారం రాజీకి వీలున్న కేసు కాదు. అది చనిపోయినవారి కుటుంబానికీ మీకూ మధ్య తగాదా కాదు, ప్రభుత్వం నడిపే కేసు. పంచాయతీ కాగితం చూపించి కోర్టులో ఇది ముగిసిపోయిందని అనలేరు.

స్టేషను బెయిలు దొరికితే చాలు, గండం గడిచిందని మరికొందరు అనుకుంటారు. బెయిలు అంటే విడుదలే, విముక్తి కాదు. ఆ తర్వాత చార్జిషీటు, సమన్లు, వాయిదాలు ఉంటాయి. ప్రతి వాయిదాకు పని మానుకోవాలి, వకీలుకు ఫీజు కట్టాలి, బస్సు చార్జీలు పెట్టుకోవాలి. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం పాస్‌పోర్టు చట్టం అధికారులకు ఇచ్చింది. కోర్టు అనుమతి కోసం మళ్ళీ తిరగాలి. ప్రభుత్వ ఉద్యోగం వస్తే నింపే ఫారంలో మీ మీద ఏదైనా కేసు ఉన్నదా అని అడుగుతారు. ఉన్నదని రాస్తే విచారణ, లేదని రాస్తే అబద్ధం. నర్సింగు చదివి గల్ఫ్‌కు వెళ్ళాలనుకునే పిల్లలు, పోలీసు, టీచరు ఉద్యోగాలకు ఏళ్ళ తరబడి చదివే పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. వారికి ఒక సాయంత్రపు సరదా ఎంత ఖరీదో లెక్క వేయండి.

పొలం దాకా వచ్చే లెక్క

శిక్ష కన్నా ముందు కుటుంబాన్ని ముంచేది నష్టపరిహారం. ఇది ఎలా లెక్కకడతారో తెలిస్తే చాలామంది తమ బండి తాళం చెవి వేరేవారికి ఇవ్వరు.

ఒక తాపీ మేస్త్రి అనుకోండి. వయసు 35, నెలకు రూ.15,000 సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీద ఆధారపడి ఉన్నారు. ఎవరిదో మోటారుసైకిలు తగిలి ఆయన చనిపోయాడు. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల ప్రకారం లెక్క ఇలా ఉంటుంది. ఏడాది సంపాదన రూ.1,80,000. ముందు ముందు పెరగబోయే సంపాదన కింద 40 శాతం కలిపితే రూ.2,52,000. ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేస్తే రూ.1,89,000. ఆ వయసుకు దీన్ని 16తో గుణించాలి. మొత్తం రూ.30,24,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలు పోగొట్టుకున్న తోడుకు ఇచ్చే సొమ్ము దీనికి అదనం.

బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండి, నడిపినవారికి లైసెన్సు ఉంటే ఈ డబ్బు కంపెనీ కడుతుంది. లైసెన్సు లేకపోతే? బాధితులకు కంపెనీ చేత ముందు కట్టించి, ఆ మొత్తాన్ని బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతున్నాయి. ఇన్సూరెన్సే లేకపోతే మొత్తం యజమాని నెత్తిమీదే. కట్టకపోతే భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్లు కలెక్టరు ద్వారా వసూలు చేయించే అధికారం ట్రిబ్యునలుకు ఉంది. అంటే పొలం, ఇల్లు. ఏడాదికోసారి కట్టే ప్రీమియం మిగుల్చుకున్నామని సంతోషించే ఇంట్లో జరిగేది ఇది.

యజమాని అంటే ఎవరు? ఆర్.సి. మీద పేరున్నవారు. నడిపింది బావమరిది కావచ్చు, పక్కింటి అబ్బాయి కావచ్చు, సంబంధం లేదు. బండి అమ్మేసి ఆర్.సి.లో పేరు మార్పించకపోతే, చట్టం దృష్టిలో ఇంకా మీరే యజమాని. 2018లో సుప్రీంకోర్టు ఈ సంగతి ఖాయం చేసింది. రెండేళ్ళ క్రితం అమ్మేసిన బండికి నోటీసు వస్తే అప్పుడు ఆశ్చర్యపోయి లాభం లేదు. ఈ వారమే ఆర్.టి.ఏ. ఆఫీసుకు వెళ్ళి పేరు మార్పించండి.

ఇంకొకటి. తన తప్పువల్ల తానే పడినవారికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఏమీ ఇవ్వదు. అది ఎదుటివారి కోసం. యజమాని సొంత ప్రాణానికి రూ.15 లక్షల ప్రమాద బీమా వేరుగా ఉంటుంది. దానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, తాగి ఉండకూడదు.

పద్దెనిమిది నిండని పిల్లలు

తలిదండ్రులారా, ఈ భాగం మీకు. "మా వాడు తొమ్మిదో తరగతిలోనే బండి నేర్చాడండీ" అని గొప్పగా చెప్పుకునే మాట సంఘంలోనూ వింటున్నాము, మా ఓ.పి.లోనూ వింటున్నాము. గేరు బండికి 18 ఏళ్ళు నిండాలి. 16 ఏళ్ళకు అనుమతి ఉన్నది 50 సి.సి. మించని బండ్లకు మాత్రమే. ఈనాడు మన వీధుల్లో కనబడే 100, 125, 150 సి.సి. బండ్లు ఏవీ అందులోకి రావు.

2019 సవరణలో 199ఏ అనే సెక్షను చేర్చారు. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రి, సంరక్షకుడు, లేదా బండి యజమాని నేరస్థుడుగా పరిగణింపబడతాడు. మూడేళ్ళ దాకా జైలు, రూ.25,000 జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు, ఎల్.ఎల్.ఆర్. కూడా ఇవ్వరు. "నాకు తెలియకుండా తీసుకెళ్ళాడు" అంటే ఆ సంగతి మీరే రుజువు చేసుకోవాలి. తాళం చెవి గోడకు మేకుకు వేలాడుతుంటే ఏమని రుజువు చేస్తారు?

"నా ప్రాణం నా ఇష్టం"

ఇది యౌవనస్థుల మాట. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారు. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. వీరిలో నడిపినవారే కాదు, వెనుక కూర్చున్నవారు కూడా 14,337 మంది ఉన్నారు. వెనుక కూర్చున్న చెల్లెలూ, భార్యా, తల్లీ బండి వేగాన్ని నిర్ణయించలేదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఏం జరిగిందో మరచిపోలేము. రోడ్డు మీద పడి ఉన్న మోటారుసైకిలు హైదరాబాదునుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కిందికి వెళ్ళి, మంటలు లేచి, 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. అంతకుముందే ఆ బండి అదుపు తప్పి పడిందని, దాన్ని నడుపుతున్న యువకుడు అక్కడే చనిపోయాడని, అతడు మద్యం తాగి ఉన్నాడని పోలీసులు తెలిపారు. బస్సు నడిపినవారి మీద, యజమాని మీద కూడా కేసు పెట్టారు. తప్పంతా ఒక్కరిదని మేము అనటం లేదు. కన్నకొడుకును పోగొట్టుకున్న ఆ ఇంటి దుఃఖాన్ని తక్కువ చేయటం లేదు. రోడ్డు మీద ఎవరి ప్రాణమూ వారి ఒక్కరిదే కాదని మాత్రం అంటున్నాము.

మీరు అనేవి మాకు తెలుసు

"రోడ్లనిండా గుంతలు, రాత్రి బస్సులు లేవు, పేదవాడినే ఆపుతారు, పెద్ద కారును వదిలేస్తారు" అని మీరు అంటారు. చాలావరకు నిజమే. గుంతలో పడి వచ్చినవారికి కూడా మేము కట్లు కడుతున్నాము. మంచి రోడ్లు, పల్లెకు బస్సు, లైటు ఉన్న మలుపు అడగడం మీ హక్కు. రోడ్డు తయారీలో లోపంవల్ల ప్రమాదం జరిగితే కాంట్రాక్టరు మీద, ఇంజనీరింగు చేసినవారి మీద లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని ఇదే చట్టంలో ఉంది. కానీ గుంతలున్న రోడ్డు మీద ఎనభై వేగంతో వెళ్ళడానికి ఆ గుంతలు సాకు కావు. అవి నెమ్మదిగా వెళ్ళడానికి కారణం.

చట్టంలో ఉన్న జైలు శిక్షలతోనే రోడ్లు బాగుపడతాయని కూడా మేము అనుకోము. పోలీసు కనబడిన మలుపులో హెల్మెట్ పెట్టుకొని, దాటగానే తీసి ట్యాంకు మీద పెట్టుకునేవారిని రోజూ చూస్తున్నాము. చట్టం వచ్చేసరికి దెబ్బ తగిలిపోయి ఉంటుంది. దెబ్బకు ముందు ఉన్నది ఇల్లు ఒక్కటే. అందుకే కేసు అవుతుందా అన్న ప్రశ్న మమ్మల్ని అడగవలసినది కాదని, సాయంత్రం బండి తీసేటప్పుడు ఇంట్లోనే ఒకరినొకరు అడగవలసినదని మా అభిప్రాయం.

పారిపోకండి, ఆగండి

ఒకవేళ ప్రమాదం జరిగితే? భయంతో పారిపోవడం రెండో నేరం. గాయపడిన మనిషిని వైద్యానికి చేర్చడం, 24 గంటలలోపు పోలీసులకు తెలియజేయడం నడిపినవారి బాధ్యత. అలా చేయకపోతే వేరే శిక్ష ఉంది. అక్కడ జనం కొడతారన్న భయం ఉంటే దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పండి. 108కి ఫోను చేయండి. గాయపడినవారికి మొదటి గంటలో అందే వైద్యం అన్నిటికన్నా విలువైనది. వారు బ్రతికితే మీ కేసు కూడా వేరు.

దారిన పోయేవారు సహాయం చేస్తే ఇరుక్కుపోతారన్న భయం అక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు, తర్వాత 2019 సవరణలో 134ఏ సెక్షను వారికి రక్షణ ఇచ్చాయి. మంచి మనసుతో గాయపడినవారిని తీసుకొచ్చినవారి మీద కేసు ఉండదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. చట్టం వారిని గుడ్ సమరిటన్ అని పిలుస్తున్నది. ఆ మంచి సమరయుని ఉపమానం మన సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దారి పక్కన పడి ఉన్న మనిషిని చూసి బండి ఆపేవారు మనలోనుంచే ఎక్కువమంది రావాలి.

రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజులదాకా, రూ.1.5 లక్షల వరకు నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నెలలో వచ్చింది. దానికి ప్రమాదం జరిగిందని పోలీసుల నిర్ధారణ కావాలి. మెట్ల మీదనుంచి పడ్డానని రాయించుకున్నవారు దీన్ని కూడా పోగొట్టుకుంటారు. నష్టపరిహారం పిటిషను ఆరు నెలలలోపు వేయాలని సవరించిన చట్టం చెబుతున్నది. ఆలస్యం చేయకండి.

ఈ ఆదివారం ఇంట్లో చేయవలసిన పని

ఆరాధననుంచి వచ్చి భోజనాలయ్యాక కుటుంబమంతా పది నిమిషాలు కూర్చోండి. బండి ఆర్.సి. తీసి ఎవరి పేరున ఉన్నదో చూడండి. ఇన్సూరెన్సు ఏ తేదీ వరకు ఉన్నదో చూడండి. నడిపే ప్రతివారి లైసెన్సు చూడండి. హెల్మెట్లు ఎన్ని ఉన్నాయి, వెనుక కూర్చునేవారికి ఉన్నదా, గడ్డం కింద పట్టీ పనిచేస్తున్నదా చూడండి. పద్దెనిమిది నిండని పిల్లలున్న ఇంట్లో తాళం చెవి మేకు మీదనుంచి తీసి బీరువాలో పెట్టండి. పిల్లవాడు అలుగుతాడు. అలగనివ్వండి. రెండు రోజుల్లో ఆ అలక తీరిపోతుంది.

యౌవనస్థుల కూడికల పెద్దలకు ఒక మనవి. క్రిస్మస్ రాత్రి, ఈస్టరు తెల్లవారుజామున మన పిల్లలే ఒక్కో బండికి ముగ్గురు చొప్పున హారన్లు కొట్టుకుంటూ వెళ్తున్నారు. ఆ రాత్రులు మా క్యాజువాలిటీలో మంచాలు ఖాళీ ఉండవు. ఈసారి ఒక వ్యానో, రెండు ఆటోలో మాట్లాడండి. ఖర్చు అందరూ పంచుకోవచ్చు.

ఇక మా సంగతి. మీ అబ్బాయిని ఎప్పుడు తీసుకొచ్చినా తలుపు తెరిచే ఉంటుంది. తాగి వచ్చాడనో, తప్పు చేశాడనో మేము కట్టు వదులుగా కట్టము. గాయం కుట్టేటప్పుడు తీర్పు తీర్చము. కానీ రిజిస్టరులో మాత్రం జరిగినదే రాస్తాము. దయచేసి వేరేది రాయమని అడగకండి. అసలు ఆ పేజీలో మీ ఇంటి పేరు రాయవలసిన అవసరమే మాకు రాకూడదని కోరుకుంటున్నాము.